మూడేళ్లుగా వాడుతున్న బ్లాక్ లైట్ టార్చ్: తేళ్లకు భేష్, నోట్లకు జాగ్రత్త

అనంతపురం శివార్లలో మా ఇల్లు. పెరట్లో రాళ్ల గోడ, దాన్నానుకుని కట్టెల కుప్ప. నాలుగు చినుకులు పడితే చాలు, తేళ్లు బయటికొస్తాయి. మూడేళ్ల కిందట మా అవ్వను ఒకటి కుట్టింది. ఆ వారమే బ్లాక్ లైట్ టార్చ్ కొన్నాను. అంటే కంటికి కనిపించని అతినీలలోహిత (యూవీ) కాంతినిచ్చే టార్చ్. ఆ కాంతి పడితే తేళ్లు చీకట్లో మెరుస్తాయి.

మొదట తెచ్చింది 395 నానోమీటర్ల (కాంతి తరంగదైర్ఘ్యం) టార్చ్, రూ.250. ఆ డబ్బులు దండగ. కంటికి కనిపించే ఊదా వెలుగే ఎక్కువొచ్చి గోడంతా ఊదారంగు పులుముకుంటుంది, మెరిసే వస్తువు అందులో కలిసిపోతుంది. తేలు కనిపించేది, కానీ దాదాపు కాలి దగ్గరికొచ్చాకే. తర్వాత రూ.1,400 పెట్టి 365 నానోమీటర్లది తీసుకున్నాను, ముందు నల్లటి ఫిల్టర్ గాజు ఉన్నది. వేస్తే వెలుగుతోందో లేదో కూడా తెలియదు. "ఇదేం దీపంరా, చీకటిగానే ఉందే" అంది అవ్వ. అప్పుడే బట్టలుతికే బండ కింద ఆకుపచ్చా నీలం కలిసిన రంగులో కొండి, డెక్కలు, నడుము కణుపులు గీసినట్టు కనిపించాయి. పదిహేను అడుగుల దూరం నుంచి!

పట్టకారుతో పట్టబోతే కదల్లేదు. చూస్తే అది తేలు విడిచిన పెంకు. మెరిసేది ఆ పెంకులోని పదార్థాలే కాబట్టి తేలు పోయినా మెరుపు పోదు. ఇక్కడే ఒక మెలిక ఉంది: అప్పుడే పెంకు విడిచిన తేలు, కొత్తది గట్టిపడేదాకా సరిగా మెరవదు. తల్లి వీపు మీది పిల్లలూ అంతే. కాబట్టి టార్చ్ ఉంది కదా అని చెప్పుల్లేకుండా తిరగొద్దు.

ఇంట్లో వేస్తే ఇంకో లోకం. వాషింగ్ పౌడర్‌తో ఉతికిన నా బనియన్ తెల్లగా మండుతుంది, కుంకుడు రసంతో ఉతికిన అవ్వ నూలు చీర చీకట్లోనే ఉండిపోతుంది. తెల్లదనం కోసం పౌడర్లో కలిపే రసాయనం పనే ఇది. పసుపును శానిటైజర్‌లో కలిపితే పచ్చని వెలుగు, పాలకూర నూరి అదే శానిటైజర్‌లో కలిపి వడకడితే ఎర్రటి వెలుగు. మా పాపకు రెండోది మంత్రంలా అనిపించింది. ఆకుపచ్చ రసం నెత్తుటి రంగులో వెలిగితే ఎవరికైనా అంతే. టానిక్ వాటర్‌లోని క్వినైన్ నీలంగా వెలుగుతుంది. హైలైటర్ పెన్నుల సంగతి చెప్పక్కర్లేదు.

నోట్ల దగ్గర మాత్రం పరువు పోగొట్టుకోబోయాను. మంచి నోటు కాగితం మామూలు కాగితంలా మెరవదు, నంబర్లు, సన్నని పోగులు, భద్రతా దారం లాంటివే వెలుగుతాయి. కిరాణా కొట్టులో చిల్లరగా వచ్చిన రెండొందల నోటు మొత్తం నీలంగా వెలిగింది. "దొంగ నోటు ఇచ్చావేందన్నా?" అనబోయి ఆగాను. పోగులు, నంబర్లు సరిగ్గానే ఉన్నాయి. అడిగితే, "చొక్కా జేబులో మర్చిపోతే మా ఇంట్లో ఉతికేసినారప్పా" అన్నాడాయన. పౌడర్లోని రసాయనం నోటుకూ పట్టిందన్నమాట.

తొలకరిలో తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతికే మా బావ కూడా అరువు పట్టుకెళ్లాడు. నీలంగా మెరిసిందేదో దొరికిందని రాత్రి ఫోన్ చేశాడు, తెల్లారి చూస్తే చొక్కా గుండీ. వజ్రాల్లో మూడో వంతుకు అటూ ఇటూగానే మెరుస్తాయి, మెరిసేవన్నీ వజ్రాలూ కావు. ఈ పనికి కొనాలనుకుంటే వద్దు.

చెనక్కాయల బూజు విషం, అఫ్లటాక్సిన్, పట్టుకోవడానికీ ఇది పనికిరాదు. దాని రకాల పేర్లలోని బి, జి అక్షరాలు నీలం, ఆకుపచ్చ వెలుగుల వల్లే వచ్చాయి. అయినా గింజ మీద టార్చ్ వేసి తేల్చలేం, ల్యాబ్‌లోనే పరీక్ష చేయాలి.

లోపాలంటే, కొన్న ఏడాదికే చార్జింగ్ పిన్ను వదులైంది. సెల్లు విడిగా తీసి చార్జ్ చేస్తున్నాను. కళ్లలోకి ఎప్పుడూ కొట్టకూడదు, అందుకే పాప చేతికి ఇవ్వను. యూవీని ఆపే పసుపు కళ్లద్దాలు వేరే కొనాలి, డబ్బాలో రావు. ఇప్పుడు రాత్రి ఎనిమిది దాటితే అవ్వ పెరట్లోకి వెళ్లే ముందు, "ఆ చీకటి దీపం తేరా" అంటుంది.