సూది వెయ్యని డాక్టరు: 22 ఏళ్ళు వాడాక రాస్తున్న రివ్యూ

మనిషికి రివ్యూ రాయడం ఏంటి అని మా ఆవిడ నవ్వింది గానీ, మిక్సీ కొన్న వారానికే నాలుగు ముక్కలు రాసేసి స్టార్లు ఇచ్చేస్తాం, మరి 22 ఏళ్ళు మా ఆవుల్ని, మూడు కుక్కల్ని, లెక్క తేలని పిల్లుల్ని చూసిన మనిషి గురించి రాయకపోతే ఎలా. పోయినేడాది ఆయన ప్రాక్టీసు ఆపేసి బోర్డు తీసేశారు. పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండదు. చిన్న ఊరి పశువుల డాక్టరు అనుకోండి చాలు.

ముందు కంప్లైంటే చెప్తా. మొదటి రెండేళ్ళు నాకు ఆయన అస్సలు నచ్చలేదు. పిలిస్తే వచ్చేవారు, బండి స్టాండ్ వేసి కొట్టం బయటే ఆగిపోయేవారు, పది నిమిషాలు అలా చూస్తూ నిలబడేవారు, ఏ కాలి మీద బరువేస్తోంది, ఊపిరి ఎలా తీస్తోంది, నెమరు వేస్తోందా, పేడ గట్టిగా ఉందా పల్చగా ఉందా, ఇవన్నీ దూరం నుంచే. తర్వాత లోపలికొచ్చి థర్మామీటరు పెట్టి, ఎడమ డొక్కలోకి పిడికిలి ఆనించి వాచీ చూసుకుంటూ నిలబడేవారు. బాగున్న ఆవుకి పొట్ట నిమిషానికి ఒకటి రెండు సార్లు కదులుతుందట, అది లెక్కపెట్టడం అన్నమాట. అంతా అయ్యాక "ఏం లేదండీ, రెండ్రోజులు చూడండి" అని బండెక్కేసేవారు. సూది లేదు, మందు లేదు. నాకు మండిపోయేది. సూది వెయ్యకపోతే డాక్టరు ఎందుకు వచ్చినట్టు?

ఆ అభిప్రాయం ఒక్క రాత్రిలో సగం మారింది. ఆవు ఈని ఒక రోజైంది, తెల్లారుజామున చూస్తే లేవట్లేదు, మెడ తిప్పి డొక్క మీద పెట్టుకుని పడుకుంది, చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. అప్పుడు మాత్రం ఆయన బయట నిలబడలేదు, బండి స్టాండ్ కూడా సరిగ్గా వెయ్యలేదు, పడిపోయింది. పాల జ్వరం. పేరులో జ్వరం ఉంది గానీ ఒంట్లో వేడి ఉండదు, ఉన్న కాల్షియం అంతా ఒక్కసారి పాలల్లోకి పోయి రక్తంలో తగ్గిపోతుంది, కండరాలు పనిచెయ్యవు. కాల్షియం సీసాని ఒక చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి, మెడ నరానికి ఎక్కించడం మొదలుపెట్టారు, ఎంత నెమ్మదిగా అంటే నేను "కొంచెం స్పీడుగా పోనివ్వండి సార్" అనేశాను. స్టెతస్కోప్ ఆవు గుండె మీద నుంచి తియ్యకుండానే "స్పీడుగా పోతే గుండె ఆగుద్ది" అన్నారు. ఇంకో సగం సీసా వెళ్ళాక ఆవు తేన్చింది, పేడ వేసింది, వణికింది, కాసేపటికి తనే లేచి నిలబడింది. నేను ఏడ్చేశాను, సిగ్గులేకుండా.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఈనే ముందు నెలంతా ఏం పెట్టారు అని అడిగారు. బలం కోసం రోజూ కాల్షియం టానిక్ తాగించాం అని గొప్పగా చెప్పాను. అదే తప్పట. బయట నుంచి దండిగా వస్తుంటే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పని ఒళ్ళు మర్చిపోతుంది, ఈనిన రోజున ఒక్కసారిగా కావాల్సి వస్తే తీసుకోలేదు. మర్నాడు పాలు పొదుగు ఖాళీ అయ్యేదాకా పిండొద్దు అని కూడా చెప్పి వెళ్ళారు.

మిగతా సగం మారడానికి నేనే ఒక ఆవుని పాడు చేసుకోవాల్సి వచ్చింది. ఈని రోజు దాటినా, దూడ తర్వాత పడాల్సిన మాయ పడలేదు, వేలాడుతోంది, వాసన. చెయ్యి పెట్టి లాగెయ్యండి అన్నాను, లాగను అన్నారు. బలవంతంగా లాగితే గర్భసంచి లోపల చిరుగుతుంది, దానంతట అదే కుళ్ళి ఊడి పడుతుంది, మీరు రోజుకి రెండు పూటలా జ్వరం చూడండి, 101.5 దగ్గర ఉంటే నన్ను పిలవొద్దు, 103 దాటితే పిలవండి అన్నారు. నాకు ఓపిక లేదు. ఇంకొకాయన్ని పిలిచి లాగించేశాను, నీట్‌గా ఉంది, హాయి అనిపించింది, నాలుగో రోజుకి జ్వరం, చీము, ఆ ఆవు ఏడాది దాకా చూడి కట్టలేదు. డాక్టరు గారు వచ్చి ట్రీట్‌మెంట్ చేశారు, నేను చెప్పానా అని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మైనస్‌లు ఉన్నాయి. టైముకి వచ్చేవారు కాదు, వస్తానన్న గంటకి ఇంకో గంట కలుపుకోవాల్సి వచ్చేది. చీటీ మీద రాత చదవడం మందుల షాపువాడి వల్ల కూడా కాదు. పొదుగు వాపుకి యాంటీబయాటిక్ ఇస్తే, పాలల్లోంచి మందు పోయే గడువు అయ్యేదాకా ఆ పాలు పారబోయాల్సిందే, మళ్ళీ ఫోన్ చేసి పారబోశావా అని అడిగేవారు, అబద్ధం చెప్పలేకపోయేవాళ్ళం.

అందరూ తిట్టుకునే ఇంకో రూల్ ఉండేది. రాత్రి 8 నుంచి 9 వరకు ఫోన్ ఎత్తేవారు కాదు. అది పిల్లల టైము. గేటుకి ఒక అట్ట కట్టి ఉండేది, మూడో క్లాసులో ఉన్నప్పుడు వాళ్ళమ్మాయి రాసింది, ఈనలేకపోతే, కడుపు "ఉబరం" అయితే, ఈనిన ఆవు లేవకపోతే, మగ పిల్లికి మూత్రం రాకపోతే మాత్రం గేటు కొట్టండి అని. ఉబ్బరానికి ఒత్తు పెట్టలేదు, 20 ఏళ్ళూ ఎవరూ దిద్దలేదు, అట్ట చిరిగితే కొత్త అట్ట మీద కూడా అలాగే రాశారు. ఆ నాలుగూ తెల్లారేదాకా ఆగేవి కావు, ఉబ్బరం అయితే పొట్ట పైకి నొక్కి ఊపిరాడక గంటల్లో పోతుంది. మిగతావన్నీ ఒక గంట ఆగుతాయి. నేను మా పిల్లలకి రోజూ ఒక గంట ఇచ్చానా అంటే లేదు, అందుకే అప్పట్లో ఎక్కువ కోపం వచ్చిందేమో.

ఆ ఇంట్లో సగం డాక్టరు ఆయన భార్యే, మేం అమ్మగారు అంటాం. ఫోన్ ఎత్తగానే మూడు ప్రశ్నలు, ఎప్పుడు ఈనింది, పేడ వేసిందా, నెమరు వేస్తోందా. దాన్ని బట్టి ఆయన ముందు ఏ ఇంటికి వెళ్ళాలో ఆవిడే తేల్చేవారు. ఒకసారి ఈసుకుపోయిన, అంటే నెలలు నిండకుండా దూడని పడేసిన ఆవుల మాయ వట్టి చేత్తో ముట్టుకోవడం వల్ల ఆయనకే బ్రూసెల్లా, పశువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బు, అంటుకుంది, సాయంత్రమయ్యేసరికి జ్వరం, చెమటలు, నడుం నొప్పి, రెండు రకాల మందులు 6 వారాలు వాడారు. అప్పట్నుంచి గ్లోవ్స్ వేసుకున్నారో లేదో బండి ఎక్కేముందు ఆవిడ బ్యాగు తెరిచి చూసేవారు. ఆవుల లోపల చెయ్యి పెట్టీ పెట్టీ ఎడమ భుజం అరిగిపోయింది, చివర్లో కూతురి జడ వెయ్యడానికి కూడా చెయ్యి లేవలేదని ఆయనే నవ్వుతూ చెప్పారు.

మా ముసలి కుక్కకి మాత్రం, బాధ లేకుండా ప్రాణం పోయే సూది ఆయన చేత నేనే అడిగి వేయించాను. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చూద్దాం అన్నారు. మూడోసారి వచ్చి, నేల మీద దాని పక్కన కూర్చుని చాలాసేపు చూసి, సరే అన్నారు. ముందు నిద్రపట్టే మందు వేస్తాను, తర్వాత రెండోది, కళ్ళు మూసుకోవు, గుండె ఆగాక కూడా ఒకటి రెండు సార్లు ఊపిరి తీసినట్టు ఉంటుంది, అది బాధ కాదు, భయపడకండి అని ముందే చెప్పారు. అన్నీ అలాగే జరిగాయి. చెప్పకపోయుంటే ఆ చివరి ఊపిరి నన్ను ఏళ్ళ తరబడి నిద్రపోనిచ్చేది కాదు.

పోయిన నెల మా ఆవు ఈనింది, మాయ పడలేదు. అలవాటులో టైము చూసుకోకుండా ఫోన్ చేసేశాను, 8.20 అయింది. అమ్మగారు ఎత్తారు. ఎప్పుడు ఈనింది, పేడ వేసిందా, నెమరు వేస్తోందా. జ్వరం 101.5 అని చెప్పాను. వెనక మనవరాలు ఏదో అడిగి నవ్వుతోంది, ఆ నవ్వు మధ్యలోంచి ఆయన గొంతు, "లాగొద్దని చెప్పు."