బాప్తిస్మం, విశ్వాసం, క్రియలు: రక్షణకు ఏది ముందు?

మా మేనకోడలికి పెళ్ళి కుదిరింది. హాలు దగ్గర, భోజనాల దగ్గర రాని పేచీ బాప్తిస్మం దగ్గర వచ్చింది. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. అమ్మాయికి మూడో నెలలోనే తల మీద నీళ్ళు పోసి బాప్తిస్మం ఇచ్చేశారు. అబ్బాయి వాళ్ళది ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘం. ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే పెళ్ళి జరిపిస్తామన్నారు. మా అమ్మకు ఒళ్ళు మండింది. "నేను ఎత్తుకుని ఇప్పించింది బాప్తిస్మం కాకపోతే తలస్నానమా?"

"ఎవరిది కరెక్టు మావయ్యా?" అని అమ్మాయి నన్నడిగింది.

రక్షణకు, అంటే పాపాలు పోయి పరలోకం దొరకడానికి, ఏది ముందో బైబిలు వచనాలు తీస్తే తెల్లారిపోతుంది. మార్కు 16:16 నమ్మి బాప్తిస్మం పొందమంటుంది. లూకా 23లో సిలువ మీది దొంగకు నీటి చుక్క తగలకుండానే పరదైసు దొరికింది. ఎఫెసీ 2:8 విశ్వాసం ద్వారా కృపచేతనే అంటుంది, యాకోబు 2:24 విశ్వాసం ఒక్కటే చాలదంటుంది. అందుకని మన ఒంగోలులోనే జరిగిన ఒక సంగతి ముందు ఈ పక్షాలన్నిటినీ నిలబెట్టి చూశాను.

1876–78 కరువు రోజులు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తవ్వకం దగ్గరే బోధకులు సువార్త చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగితే మాత్రం దొర ఇవ్వలేదు. గింజల కోసం వచ్చి కలిశారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. కరువు సాయం ఆగాకే ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఒక్కరోజే 2,222 మందిని ముంచి లేపారు.

మరి ఈ లోపు నమ్మినవాడు, ఏట్లో దిగకముందే ఆకలికో కలరాకో పోయి ఉంటే?

చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వాళ్ళ లెక్క కటువైనది. అపొస్తలుల కార్యములు 2:38లో "పాపక్షమాపణ నిమిత్తము" అని ఉంది కాబట్టి పాపాలు పోయేది ఆ నీళ్ళలోనే అంటారు. వాళ్ళలో నాకు నచ్చేది వాయిదా లేకపోవడం. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే బాప్తిస్మం పొందాడు కదా. కానీ వాయిదా వేసింది దొర అయితే శిక్ష కూలివాడికా? పైగా అదే పుస్తకం 10వ అధ్యాయంలో కొర్నేలీ అనే శతాధిపతి ఇంటివాళ్ళ మీదికి నీళ్ళకంటే ముందే పరిశుద్ధాత్మ దిగాడు. ఇక్కడ ఈ పక్షం నాకు ఆనదు.

కతోలికులకు జ్ఞానస్నానం (బాప్తిస్మానికి వాళ్ళ పేరు) తప్పనిసరి. అయితే కోరుకుని, అందుకోకముందే పోయినవాడికి ఆ కోరికే చెల్లుతుంది. వాళ్ళు మంచిపనులతో మోక్షం కొనుక్కుంటారని మన చర్చీల్లో తేలిగ్గా అనేస్తాం, అది తప్పు. కృప లేకుండా క్రియలతో ఎవడూ నీతిమంతుడు కాలేడని 1547లో వాళ్ళ ట్రెంట్ మహాసభే తేల్చింది. కృప పొందాక చేసే క్రియలు ఆ నీతిని పెంచుతాయా అన్నదగ్గరే మా లూథరన్ సంఘానికి మూలపురుషుడైన లూథర్ పక్షంతో తగువు. దాంట్లోనూ చాలా దూరం 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో రెండు పక్షాలూ సంతకాలు పెట్టి తగ్గించుకున్నాయి.

మా లూథరన్ల మాట ఇది: బాప్తిస్మంలో ఇచ్చేవాడు దేవుడు, కాబట్టి మూడు నెలల బిడ్డైనా పుచ్చుకోవచ్చు. కృప అంటే ఏమిటో ఇంతకంటే తేటగా చూపించడం కష్టం. చిక్కల్లా తర్వాతే. పెద్దయ్యాక విశ్వాసాన్ని సొంత నోటితో ఒప్పుకునే కన్ఫర్మేషన్ రోజు ఫొటోలో ఉన్నవాళ్ళలో సగంమంది మళ్ళీ క్రిస్మస్‌కే కనబడతారు. చాలాకాలం నేనూ ఆ బాపతే.

బాప్టిస్టుల ప్రకారం ఆ కూలివాడు నమ్మిన రోజే రక్షణ పొందాడు, మునక నలుగురిలో ఇచ్చే సాక్ష్యం. నా ఓటు దీనికే, లూథరన్‌ని అయి ఉండీ. కానీ వాళ్ళ తీరే నాకు అర్థం కాదు. సాక్ష్యమే అంటారు, అది లేదని ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఇవ్వరు, పెళ్ళి జరిపించరు!

క్రియల మాటకొస్తే, యాకోబు పత్రికను లూథర్ 1522లో గడ్డితో పోల్చాడు. తొందరపడ్డాడనే అంటాను. పక్కవాడు పస్తుంటే ఆమేన్ చెప్పి ఇంటికి పోయే విశ్వాసం గురించి యాకోబు అడిగింది న్యాయమైన ప్రశ్న.

అమ్మాయితో ఇదే అన్నాను. "కన్ఫర్మేషన్ రోజు నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు, నీ రక్షణకు లోటేం లేదు. వాక్యం చదివి నీకే మునగాలనిపిస్తే అమ్మమ్మను నేను ఒప్పిస్తా. పెళ్ళి కోసమైతే వద్దు. గింజల కోసం వచ్చినవాళ్ళకు క్లౌ దొర ఇవ్వలేదు. వాళ్ళ సంఘం ఆయన నాటిందే."

"ఆ మాట పాస్టర్ గారికి నువ్వే చెప్పు మావయ్యా" అంది. ఆదివారం ఒంగోలు వెళ్తున్నాను.