స్వాల్‌బార్డ్ శిఖరాలు: ఊరికన్నా ఓడే మేలు

ఆర్కిటిక్‌లోని నార్వే దీవుల సమూహమైన స్వాల్‌బార్డ్‌కు పర్వతాలు చూడడానికే వెళ్ళేవారు బస మొత్తం అక్కడి ముఖ్య పట్టణం లాంగియర్‌బ్యెన్‌లో పెట్టుకోకుండా, కనీసం సగం రోజులు పడమటి తీరం వెంబడి సాగే ఓడ ప్రయాణానికి ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న ఆ ఊరి చుట్టూ కనిపించే కొండలలో చాలావాటికి కొనలే లేవు. ఇసుకరాయి, బొగ్గు పొరలు దాదాపు అడ్డంగా పరచుకుని ఉన్నందువల్ల వాటి తలలు బల్లపరుపుగా మిగిలాయి. 1596లో డచ్ నావికుడు విలియం బారెంట్స్ బృందాన్ని ఆకట్టుకున్న మొనదేలిన శిఖరాలు పడమటి తీరానివి. అక్కడ అంతకన్నా పాత శిలలు మడతలు పడి నిటారుగా లేచాయి.

ఊరి ఎగువ కొసన ఉన్న నీబ్యెన్‌లో, ఒకప్పటి గని కార్మికుల నివాసాలను మార్చి కట్టిన వసతిలో దిగాను. గదులు చిన్నవే కాని వెచ్చగా ఉన్నాయి. బొగ్గు మసి నాటి అలవాటు ప్రకారం బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి. బజారు దూరమే అయినా, సార్కోఫాగెన్ కొండ ఎక్కేవారికి అదే దగ్గరి చోటు. ధ్రువపు ఎలుగుల భయం ఉన్నందున తుపాకీ గల గైడు వెంట ఉండాలి. మా గైడు శిఖరం కోసం తొందరపెట్టకుండా, హిమానీనదం తోసుకొచ్చిన రాళ్ళగుట్టలో ఒక పలకను తిప్పి చూపించారు: ఈనెలతో సహా ఆకు అచ్చు! చెట్టన్నది కానరాని ఈ నేల మీద ఒకప్పుడు అడవులుండేవి. అయితే గైడును పంపిన సంస్థ ఇచ్చిన మంచు ముళ్ళ పట్టీలు నా బూట్లకు వదులై, దారంతా బిగించుకోవలసి వచ్చింది.

ఓడ ఖర్చు ఎక్కువే, కాని కోంగ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయలో హిమానీనదాల వెనుక ట్రె క్రోనెర్ అనే మూడు పిరమిడ్ల వంటి శిఖరాలు కనిపించాక ఆ మాట మరచిపోయాను. నీ ఓలెసున్ అనే పరిశోధకుల ఊరిలో పరికరాలకు అంతరాయం కలగకుండా ఫోన్ల వైఫై, బ్లూటూత్ ఆపించారు.

అన్నిటికన్నా ఎత్తయిన న్యూటన్‌టోపెన్, 1,713 మీటర్ల గ్రానైటు శిఖరం, ఈశాన్యపు మంచులో ఉంది. భూమి ఆకారాన్ని కొలవడానికి వచ్చిన స్వీడన్, రష్యా బృందంలోని హెల్గె బాక్లుండ్ 1900లో దానిని మొదట ఎక్కారు. స్కీలు, గుడారాలతో వెళ్ళవలసిన ఆ యాత్రను మామూలు పర్యాటకులకు సూచించను.

స్వాల్‌బార్డ్‌కు వీసా అవసరం లేదు, కాని అది నార్వే ప్రధాన భూభాగం కూడా ఉన్న ఐరోపా ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంజెన్ పరిధి వెలుపలిది. ఓస్లో మీదుగా వెళ్ళి అదే దారిన తిరిగి వచ్చే భారతీయులు రెండుసార్లు ప్రవేశానికి వీలున్న షెంజెన్ వీసా ముందే తీసుకోవాలి.