ఎనభై అంటే ఏ డాలర్లు?

కరీబియన్ దీవి బార్బడోస్‌లో టాక్సీ ఎక్కే ముందు ఎంత అని అడిగి ఊరుకోకండి, ఏ డాలర్లో కూడా అడగండి. అక్కడ టాక్సీలకు మీటర్లు ఉండవు. రాజధాని బ్రిడ్జ్‌టౌన్ నుంచి ఉత్తరాన ఉన్న సెయింట్ నికొలస్ అబ్బీ అనే పాత చెరకు తోట బంగళాకి 80 అన్నాడు డ్రైవర్. దిగాక "అమెరికన్ డాలర్లు" అన్నాడు. ఒక అమెరికన్ డాలరంటే రెండు బార్బడోస్ డాలర్లు. పావుగంట వాదించి 160 బార్బడోస్ డాలర్లు ఇచ్చాం. ముందే తేల్చుకోలేదని మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

ఆ ఇల్లు చూశాకే మళ్లీ నోరు విప్పింది. 1650ల నాటి మేడ, పడకగదుల్లో చలిమంట వేసుకునే గూళ్లు! "ఈ ఉక్కలో ఇవెందుకండీ?" అంది.

దాని యజమానుల కథ వింటూ ఇద్దరం అలాగే నిలబడిపోయాం. కట్టించిన బెంజమిన్ బెరింజర్ 1661లో పోయాడు. భాగస్వామి జాన్ యేమన్సే చంపాడని చెప్పుకుంటారు. కొద్ది వారాలకే యేమన్స్ బెరింజర్ భార్యను పెళ్లాడి తోట తనదేనన్నాడు. కోర్టు మాత్రం బెరింజర్ పిల్లలకే ఇప్పించింది. బెరింజర్ మనవరాలు సుసానా, జార్జ్ నికొలస్ అనే ఆయన్ని చేసుకుంది, ఆయన ఇంటిపేరే తోటకు నిలిచింది. అబ్బీ అంటే క్రైస్తవ మఠం, కానీ అక్కడ మఠం ఎప్పుడూ లేదు. తర్వాత యజమానులు డాటిన్ కుటుంబం, వాళ్ల అల్లుడు సర్ జాన్ గే అలీన్, ఆ పైన అప్పులు. 1810లో కంబర్‌బాచ్ కుటుంబం చేతికి, వాళ్ల తర్వాత కేవ్ కుటుంబం చేతికి వచ్చింది. 2006లో ఆర్కిటెక్ట్ లారీ వారెన్ కొన్నాడు.

మా తాతగారిది అనకాపల్లి దగ్గర చెరకు సాగు. పొలం తగాదాలు మాకు కొత్తకాదు. కానీ ఇక్కడ భూమితోపాటు మనుషులు కూడా చేతులు మారారు. 1834లో బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటన్ తన వలస రాజ్యాలన్నిటికీ కలిపి 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది, అదీ యజమానులకు! చెరకు నరికినవాళ్లకు పైసా ఇవ్వలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

చెరకు కోతల కాలంలోనే వెళ్లండి. ఇంగ్లండ్‌లోని డెర్బీలో 1890లో చేసిన ఆవిరి గానుగ మేం వెళ్లిన రోజు ఆడుతోంది. పాకం వాసనకి మా ఆవిడ కళ్లు మూసుకుని, "మీ తాతగారి బెల్లం పొయ్యి దగ్గర ఉన్నట్టే ఉంది" అంది.

తిరిగి బస్సులో వచ్చాం. గంటన్నర కాచుకున్నా మనిషికి 3.50 బార్బడోస్ డాలర్లే. చిల్లర సరిగ్గా దగ్గర పెట్టుకోండి.