గుండె మాత్రలు వాడుతూ జుట్టు ఊడుతుంటే: 14 నెలల మినాక్సిడిల్ వాడకం తర్వాత

మినాక్సిడిల్ అంటే జుట్టు మొలవడానికి మాడుకు రాసే మందు. వాడింది 5 శాతం ద్రావణం, చెన్నైలో, రోజూ మెటోప్రొలాల్ (గుండె వేగం, బీపీ తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర) వేసుకుంటూ, గుండె డాక్టరుకు చెప్పే. 5కి 3 మార్కులు.

సీసా కొనేముందు రాలిన వెంట్రుకను వెలుతురులో చూడండి. చివర తెల్లటి చిన్న గడ్డ ఉంటే కుదురు నుంచి ఊడినట్టు. లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగినట్టు. తెగడానికి ఇక్కడి బోరు నీళ్ల ఉప్పదనమూ ఒక కారణం కావచ్చు, దానికి మినాక్సిడిల్ పనికిరాదు. ఆఖరి రెండు చెంబులు మెట్రో వాటర్ (నగర సరఫరా నీళ్లు) పోసుకుంటే కొంత నయం.

బీటా బ్లాకర్లు, రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్, హెపారిన్ వల్ల ఊడటం మందు మొదలైన 2-4 నెలలకు కనిపిస్తుంది. బైపాస్ అయినవాళ్లకు ఆపరేషన్ దెబ్బకే ఆ సమయానికి ఊడుతుంది, సాధారణంగా 6 నెలల్లో దానంతటదే తగ్గుతుంది. కాబట్టి నేరం మాత్ర మీద తోసి మానేయొద్దు. మెటోప్రొలాల్ ఉన్నట్టుండి ఆపితే ఛాతీ నొప్పి తిరగబెట్టవచ్చు, గుండెపోటు కూడా రావచ్చు. మార్చాలంటే డాక్టరే మోతాదు మెల్లగా తగ్గిస్తారు.

వాడే తీరు: ఉదయం 1 మి.లీ., రాత్రి 1 మి.లీ. పాయలు తీసి పొడి మాడుకే పట్టించాలి. చెమట మీద పోస్తే నుదుటికి జారి అక్కడ నూగు మొలుస్తుంది. రాత్రిది పడుకోవడానికి 2 గంటల ముందే రాయాలి, లేకపోతే దిండుకు అంటుతుంది. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, దానికిది విషం. మొదటి 2-8 వారాలు ఇంకా ఎక్కువ ఊడుతుంది, భయపడి మానేసేది ఇక్కడే. దురద పెడితే అందులోని ప్రొపిలిన్ గ్లైకాల్ కారణం కావచ్చు. అది లేని నురగ రకం దొరుకుతుంది.

మినాక్సిడిల్ మొదట బీపీ మాత్రగా వచ్చిన మందు. మాడు నుంచి ఒంట్లోకి దిగేది కొంచెమే, పుండ్లుంటే ఎక్కువ. పాదాలు వాచినా, గుండె దడ వచ్చినా, బరువు గబగబా పెరిగినా ఆపి డాక్టరుకు చూపించాలి.

ఫలితం? 5వ నెలకు పాపిట వెడల్పు తగ్గింది. అందులో దానంతటదే మొలిచిందెంతో విడదీయలేం. ఆపితే మందు నిలబెట్టిన జుట్టు కొన్ని నెలల్లో పోతుంది.

జుట్టుకని అమ్మే విటమిన్ బయోటిన్ మాత్రం గుండె జబ్బువాళ్లకు వద్దే వద్దు. ఒంటికి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు, షాపుల్లో అమ్మేది 10 మిల్లీగ్రాముల మాత్ర. అది రక్తంలో ఉంటే కొన్ని ల్యాబు పద్ధతుల్లో ట్రోపోనిన్ (గుండెపోటును పట్టే రక్తపరీక్ష) తప్పుగా తక్కువ చూపి, గుండెపోటును దాచేస్తుంది. అమెరికా ఔషధ సంస్థ 2017లోనే హెచ్చరించింది. ఆ డబ్బుతో ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించుకోండి. గుండె లయ సరిచేసే అమియోడరాన్ వాడేవాళ్లకు టీఎస్‌హెచ్ తప్పనిసరి, ఆ మందులోని అయొడిన్ థైరాయిడ్‌ను చెడగొట్టగలదు, జుట్టు అలా కూడా ఊడుతుంది.

జుట్టు మొలిచేదాకా పలచన కప్పడానికి హెయిర్ ఫైబర్ పొడి మేలు. మినాక్సిడిల్ పూర్తిగా ఆరాకే చల్లాలి, తడి మీద ఉండకడుతుంది.