29 పీఎస్‌ఐ తక్కువేమీ కాదు: ఎమ్‌ఎక్స్-5తో ఆరేళ్లు

నా కారు నాలుగో తరం మాజ్డా ఎమ్‌ఎక్స్-5, 17 అంగుళాల చక్రాలది. ఆరేళ్లుగా నడుపుతున్నాను, ఇప్పుడున్నది మూడో సెట్ టైర్లు. డ్రైవర్ డోర్ తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద ముందూ వెనకా 29 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) అని ఉంటుంది. కొన్న కొత్తలో ఆ అంకె నమ్మబుద్ధి కాలేదు. స్పోర్ట్స్ కారుకి ఇంత తక్కువ గాలా అనుకుని 34 కొట్టించాను.

మొదట్లో స్టీరింగ్ చురుగ్గా ఉన్నట్టే తోచింది. కానీ గతుకుల మలుపు వస్తే చాలు, వెనక భాగం పక్కకు గెంతేది. తడి రోడ్డు మీద బ్రేక్ వేస్తే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) త్వరగా అందుకునేది. ఏడాదిన్నర తర్వాత గాడుల లోతు కొలిచే డెప్త్ గేజ్ పెట్టి చూస్తే ట్రెడ్ (టైరులో రోడ్డుకు తగిలే భాగం) నడుమ 3 మి.మీ., అంచుల్లో 4.5. బరువంతా నడుమ భాగమే మోసింది. మంచి టైర్లు అలా ముందే అరిగిపోయినందుకు చాలా బాధపడ్డాను.

కొత్త టైర్లు వేయించాక 26కి దించి చూశాను. ప్రయాణం మెత్తగానే ఉంది. కాకపోతే స్టీరింగ్ తిప్పాక సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) వంగి, ఆ తర్వాతే కారు తిరిగేది. నెల లోపే 29కి వచ్చేశాను. ఈ కారు బరువు దాదాపు 1,050 కిలోలే, అదీ ముందూ వెనకా ఇంచుమించు సగం సగం. అందుకే అంత గాలి చాలు, నాలుగింటికీ ఒకే అంకె. ఇంజిన్ వెనక ఉన్న కార్లలో వెనక టైర్లకు ఎక్కువ పెట్టమనడం కూడా ఈ లెక్కే. టైరు పక్కన అచ్చేసి ఉండేది గరిష్ఠ పరిమితి. దాన్ని చూసి గాలి కొట్టించుకోవద్దని కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతుంటాను.

కొలవడం మాత్రం టైర్లు చల్లగా ఉన్నప్పుడే. ఓ పొద్దున్న కారు కదపకుండానే చూస్తే నీడలో ఉన్న రెండూ 29, ఎండ తగిలిన రెండూ 31 చూపించాయి. గాలి తీయబోయి ఆగాను. ఉష్ణోగ్రత 5-6 డిగ్రీలు మారితే సుమారు 1 పీఎస్‌ఐ మారుతుంది. అరగంట జోరుగా నడిపితే 33 అవుతుంది, అది తీసేయాల్సిన గాలి కాదు. ఒక సెట్‌కి నైట్రోజన్ కూడా పట్టించాను, నాకు తేడా తెలియలేదు. మామూలు గాలిలో 78 శాతం అదేగా!

రేస్ ట్రాక్ మీద లెక్క వేరు. చల్లగా 27తో మొదలుపెట్టి, ప్రతి సెషన్ తర్వాత వేడి మీదే కొలిచి, 32 దాటిందల్లా వదిలేస్తాను. ట్రెడ్ అంచు నుంచి సైడ్‌వాల్ మీదకి సుద్దముక్కతో గీత గీసి పెడతాను. తిరిగొచ్చేసరికి సైడ్‌వాల్ మీది సుద్ద కూడా చెరిగిపోతే గాలి తక్కువైనట్టు. ట్రెడ్ అంచున కూడా చెరగకపోతే ఎక్కువైనట్టు. ఎడమ మలుపులు ఎక్కువున్న ట్రాక్‌లో కుడి టైర్లు బాగా వేడెక్కుతాయి కాబట్టి నాలుగూ విడివిడిగా చూడాలి. వేడి మీద వదిలేశాం కదా, చల్లారాక 25కి పడిపోతుంది. టైర్లు చల్లారనిచ్చి, మళ్లీ 29 నింపాకే ఇంటికి బయల్దేరతాను.

బంకు మీటరు నా గేజ్ కంటే 2 ఎక్కువ చూపేది, అందుకే సొంత గేజ్, చిన్న పంపు డిక్కీలో ఉంటాయి. పదిహేను రోజులకోసారి చూస్తాను. డాష్‌బోర్డు హెచ్చరిక దీపం గాలి బాగా తగ్గాక గానీ వెలగదు. ఇప్పటి సెట్‌ని నిన్ననే కొలిచాను: నడుమా అంచులూ 5 మి.మీ., నాలుగింటికీ సమానంగా.