నారాయణపేట బజారులో సావుకారు ఇల్లు, అందులో చీరల షాపు

అమ్మకు చీరలు తీసుకుందామని మే నెలలో పాలమూరు నుంచి నారాయణపేట వెళ్లాం. బజారు నడుమ ఒక పాత సావుకారు ఇంట్లోనే నడుస్తోంది ఈ షాపు. చీరల సంగతి తర్వాత చెప్తా, ముందు ఇల్లు.

నేనైతే దర్వాజ దగ్గరే ఆగిపోయాను. కర్ర గడప ఎంతమంది తొక్కారో గానీ నడుమ అరిగిపోయి, చెయ్యి పెడితే నున్నగా గుంత తగులుతుంది. తలుపు వెనక గోడలో అడ్డగడియ దూర్చే బొక్క కూడా అలాగే ఉంది. బయట అరుగు, లోపలికి రాగానే గల్లాపెట్టె అర్ర, అది దాటితే ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ అర్రలు. ముందు భాగమంతా బేరాలకు, వెనక భాగం ఇంటివాళ్లకు, సరుకుకు. గోడలు డంగు సున్నంవి, అంటే సున్నం, ఇసుక గానుగలో నూరి బెల్లం నీళ్లు, కరక్కాయ కలిపి కట్టినవి, మూరెడు మందం ఉన్నాయి, ఆ ఎండల్లో కూడా లోపల ఫ్యాన్ కోసం వెతుక్కోలేదు.

గల్లా మీద కూర్చున్న పెద్దయ్యను అడిగితే "ఇటు రా బిడ్డా" అని గోడలో ఒక గూడు చూపించారు. చిట్టాలు అందులో పెట్టేవారట. నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా, అంటే నిజాం సొంత రూపాయి. బొంబాయి, సోలాపూర్ సరుకుకు మాత్రం ఇంగ్లీషోళ్ల కల్దార్ రూపాయి కావాలి. 7 హాలీలకు సుమారు 6 కల్దార్లు. "మా తాత రెండు లెక్కలూ నోటితోనే చేసేటోడు" అన్నారు. నాకైతే ఆ ఒక్క మాటతో ఇల్లంతా కళ్లముందు నడిచినట్టు అనిపించింది.

చీరలు బాగున్నాయి. గళ్ల నూలు చీర, గోపురం అంచుది, 1,900కు తీసుకున్నాం, రెండుసార్లు ఉతికినా రంగు దిగలేదు. బేరం ఆడనివ్వరు, కానీ ఎన్ని అడిగినా విసుక్కోకుండా విప్పి చూపిస్తారు. బండి పెట్టడానికి సందులో జాగా లేదు, దూరంగా పెట్టి నడవాల్సిందే.

బాధేసింది ఒక్కచోటే. వెనక అర్రలో ఏసీ కోసం ఫాల్స్ సీలింగ్ కొట్టి దూలాలన్నీ మూసేశారు, గోడకు టైల్స్ అంటించారు. అంత చల్లటి ఇంటికి ఏసీ ఎందుకు? మిగిలిన అర్రల్లో ఆ పని చెయ్యొద్దని పెద్దయ్యను బతిమాలి వచ్చాను. మీరు వెళ్తే మీరూ ఒక మాట చెప్పండి.